సదరు ఊరు

బెర్స్‌వెన్ తొందరపడి పోయాడని మా ఊళ్లో అందరూ ఒప్పుకుంటారు. సరిపడా తొందరపడ్డాడా లేదా అన్నదగ్గరే తగాదా. భార్య ఒలీన లెక్క ప్రకారం ఆయన 1929 డిసెంబరు ముప్పై ఒకటో తేదీన ట్రోన్‌యెమ్ నగరంలో పోయాడు. డాక్టరు కాగితం ప్రకారం 1930 జనవరి ఒకటో తేదీన నీదారోస్ నగరంలో పోయాడు. మంచం మాత్రం ఒకటే. అది అంగుళం కూడా కదల్లేదు.

కదిలింది ఊరి పేరు. ఆ జనవరి ఒకటి నుంచి ట్రోన్‌యెమ్ అనే పేరు తీసేసి, పాత రాజుల కాలంనాటి నీదారోస్ అనే పేరు పెట్టాలని రాజధానిలో పార్లమెంటు చట్టం చేసింది. చేసే ముందు ఊళ్లోవాళ్లని అడిగారు, ఓట్లు పెట్టి మరీ. పదిహేడు వేల మంది వద్దన్నారు. పదిహేను వందల మంది కావాలన్నారు. పార్లమెంటు రెండు అంకెలూ శ్రద్ధగా చదివి, పదిహేను వందల మంది మాట విన్నది. రాజధానివాళ్లు ఐదేళ్ల కిందటే తమ ఊరి పేరు మార్చుకున్నారు. కొత్త చొక్కా తొడుక్కున్నవాడికి పక్కవాడి చొక్కా పాతగానే కనిపిస్తుంది.

బెర్స్‌వెన్ ఏటి మీద పడవవాడు. ఇటు రేవు గిడ్డంగుల నుంచి అటు బక్‌లాండె ఒడ్డుకి, అటు నుంచి ఇటుకి, ముప్పై ఏళ్లు తెడ్లు వేశాడు. ఎగువన ఒక వంతెన, దిగువన ఒక వంతెన ఉన్నా జనం ఆయన పడవే ఎక్కేవాళ్లు. నడక తప్పుతుంది, పైగా ఊరి కబుర్లన్నీ అందులోనే దొరుకుతాయి. ఓట్ల తరవాత మాత్రం ఆయన పడవ ఎక్కడానికి ఒక షరతు వచ్చింది. ఎక్కేవాళ్లు ఊరి పేరు చెప్పి ఎక్కాలి. ఆ పదిహేను వందల మందిలో ఎవరెవరున్నారో పట్టుకోవడానికి ఆయనకి వేరే దారి కనిపించలేదు.

ఒకసారి ఒక స్కూలు మాస్టారు ఎక్కాడు. చదువుకున్నవాడు కాబట్టి నోరు ఊరుకోలేదు.

"ఎందుకయ్యా బెర్స్‌వెన్ ఇంత గొడవ? నీదారోస్ అంటే నీద్ ఏటి మొగ. నువ్వు బతికేదే ఈ ఏటి మీద. నీ ఏటి పేరే ఊరికి పెడుతున్నారు. సంతోషించాల్సింది పోయి..."

బెర్స్‌వెన్ తెడ్లు ఎత్తి పడవలో పెట్టుకున్నాడు. పడవ నట్టేట్లో ఆగింది.

"ట్రోన్‌యెమ్‌లో యెమ్ అంటే ఏంటి మాస్టారూ?"

"ఇల్లు."

"ముప్పై ఏళ్లుగా ఏటి మీదే ఉంటున్నా. పడుకోడానికి మాత్రం ఇంటికే పోతున్నా. ఇప్పుడు చెప్పండి, మీరు ఏ ఊరెళ్లాలి?"

మంచు నీళ్లతో కలిసి పడుతోంది. మాస్టారి టోపీ అంచు నుంచి కారుతోంది. ఆయన ఓ పావుగంట సేపు చరిత్ర చెప్పాడు. బెర్స్‌వెన్ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని విన్నాడు. చివరికి మాస్టారు "ట్రోన్‌యెమ్" అన్నాడు. అప్పుడు పడవ కదిలింది. ఆ తరవాత మాస్టారు వంతెన మీదుగానే నడిచేవాడు.

1929 క్రిస్మస్ పండగ నాటికి బెర్స్‌వెన్‌కి రొమ్ములో నెమ్ము చేసింది. డాక్టరు వచ్చి, వీపు మీద చెవి పెట్టి విని, వంటింట్లోకి వెళ్లి, రెండ్రోజులు, మహా అయితే మూడు, అని ఒలీనతో గొంతు తగ్గించి చెప్పాడు. ఆయన ఎంత తగ్గించినా ఆ ఇంట్లో వంటింటికీ పడకగదికీ మధ్య ఒక్క చెక్క గోడే ఉంది.

"ఒలీనా, ఇవాళ ఎంతో తేదీ?" అని అడిగాడు బెర్స్‌వెన్.

"ముప్పై."

"అయితే రేపే ఆఖరు. ఎల్లుండి నుంచి ఇది పరాయి ఊరు. పరాయి ఊళ్లో నేను చావను."

"అయితే అసలు చావకు."

"అది నా చేతిలో లేదే పిచ్చిమొహమా. నేనడిగేది ఒక్క తేదీ. నన్ను నీదారోస్‌లో పోనివ్వనని మాటివ్వు."

ఒలీన మాటిచ్చింది. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో ఆయన ఆమెని పెద్దగా ఏమీ అడగలేదు. అడిగిన ఒక్కటీ ఇలాంటిది అడిగాడు. మొండివాడు రాజు కంటే బలవంతుడంటారు గాని, మొండివాడి పెళ్లాం సంగతి ఎవరూ చెప్పరు.

మర్నాడంతా ఆమె మంచం పక్కనే కూర్చుంది. మనసులో జరుగుతున్నది తలుచుకుంటే ఆమెకే సిగ్గేసింది. ఆయన బతకాలని ఉంది. పోక తప్పదంటే పన్నెండు లోపు పోవాలని ఉంది. రెండూ ఒకే దేవుణ్ణి ఎలా అడగాలో తెలియక, ఏదీ అడగకుండా ఊరుకుంది. రాత్రి పన్నెండుకి ఇంకా నలభై నిమిషాలుందనగా బెర్స్‌వెన్ కళ్లు తెరిచి కాఫీ కావాలన్నాడు. కాఫీ అడిగే మనిషి నలభై నిమిషాల్లో పోడు.

కాఫీ పెట్టింది. సాసర్లో పోసి, పంచదార బిళ్ల ఆయన పెదాల మధ్య పెట్టి తాగించింది. సాసరు కడగడానికి లేచినప్పుడు దారిలో గోడ గడియారం ముందు ఆగింది. దాని తలుపు తీసి, ఊగుతున్న లోలకాన్ని వేలితో పట్టుకుంది. అది మారాం చేయకుండా ఆగిపోయింది. పదకొండూ నలభై.

మా ఊళ్లో జనవరి నెలలో పొద్దున పది దాకా తెల్లవారదు. రాత్రిని ఎవరైనా సాగదీసుకోవాలనుకుంటే సూర్యుడు అభ్యంతరం చెప్పడు. కిటికీకి తెర వేసి ఉంది. సందుల్లో చలికి ఉన్ని కూరి ఉంది. ఒలీన మరచిపోయింది ఒక్కటే, రేవు. అర్ధరాత్రి కాగానే రేవులో ఉన్న ఓడలన్నీ ఒక్కసారిగా కూతలు వేశాయి. అవి ప్రతి ఏడూ వేస్తాయి. ఉన్ని కాదు గదా, పరుపులు కూరినా ఆ కూతలు ఆగవు. ఒలీన చేతిలో సాసరు కింద పడి పగిలింది.

బెర్స్‌వెన్ కళ్లు మూసుకునే ఉన్నాడు. కూతలన్నీ అయ్యేదాకా ఆగాడు.

"టైమెంతయింది?"

"పదకొండూ నలభై."

"ఈ ఓడలవాళ్లకి ఎప్పుడూ తొందరే" అన్నాడు.

"తాగి ఉంటారు" అంది ఒలీన.

"ఉంటారు."

ఆయన నమ్మాడని ఆమె ఊపిరి పీల్చుకుంది. ఆ తరవాత ఆయన మూడు నాలుగుసార్లు టైమడిగాడు. ప్రతిసారీ ఆమె పదకొండూ నలభై అని చెప్పింది. ఒకసారి మాత్రం ఆయన, "ఇవాళ రాత్రి బాగా పొడుగ్గా ఉందే" అన్నాడు. "చలికాలం గదా" అంది. "అవున్లే" అన్నాడు. ఆమె చెయ్యి పట్టుకున్నాడు. పొద్దున తొమ్మిదింటికి, బయట ఇంకా చీకటిగా ఉండగానే, ఆ చెయ్యి వదిలేశాడు.

డాక్టరు పదిన్నరకి వచ్చాడు.

"ఎప్పుడు పోయాడమ్మా?"

"రాత్రి. పన్నెండు లోపే."

డాక్టరు బెర్స్‌వెన్ మెడ మీద చెయ్యి వేసి చూశాడు. "ఒళ్లింకా వెచ్చగానే ఉందే."

"ఆయనది వేడి ఒళ్లు."

డాక్టరు టైము రాసుకోవడానికి గోడ వైపు చూశాడు. "ఇది ఆగిపోయింది."

"ఆయనతోపాటే ఆగింది" అంది ఒలీన.

డాక్టరు తన జేబు గడియారం తీశాడు. కాగితం నింపాడు. *పోయిన తేదీ: 1930 జనవరి 1, ఉదయం. నివాసం: బక్‌లాండె, నీదారోస్ నగరం. పోయిన చోటు: సదరు.* ఊరి పేరు రెండోసారి రాయడానికి బద్ధకించి మా ఆఫీసుల్లో అందరూ వాడే మాట అది. ఒలీన ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. దాన్ని చింపి పొయ్యిలో వేయాలనిపించింది గాని, అది లేకపోతే పాతిపెట్టనివ్వరు.

రాయి చెక్కే పని సీవెర్ట్‌ది. బెర్స్‌వెన్ పడవలో రోజూ ఏరు దాటినవాడు, నోరు పెద్దది, చెయ్యి నెమ్మదైనది. మంచి నల్లరాయి చూసి పెట్టి, చలి తగ్గగానే పని మొదలుపెట్టాడు. మొదటి వరసలో బెర్స్‌వెన్ మోయెన్ అని చెక్కాడు. రెండో వరసలో పడవవాడు అని చెక్కాడు. మూడో వరసలో 1862లో ట్రోన్‌యెమ్ నగరంలో జననం అని చెక్కాడు. నాలుగో వరస దగ్గర ఉలి ఆగింది.

ఆపింది సమాధుల తోట పర్యవేక్షకుడు ఈసాక్‌సెన్. రాతి మీద ఏం రాయాలన్నా ముందు ఆయనకి చూపించాలి. ఒలీన రాసుకొచ్చిన చీటీ ఆయన రెండుసార్లు చదివాడు.

"తేదీ రిజిస్టరులో ఉన్నది కాదు. ఊరి పేరూ రిజిస్టరులో ఉన్నది కాదు. పుట్టినప్పటి పేరు ట్రోన్‌యెమ్, అది సరే, అప్పట్లో అదే పేరు. పోయినప్పటి పేరు నీదారోస్. రాయి రిజిస్టరు ప్రకారం ఉండాలి. నేనేమీ కక్షతో చెప్పట్లేదమ్మా."

"మీరు ఓటు ఎటు వేశారు?"

"అది రహస్యం."

"ఒకడు దొరికాడు" అనుకుంది ఒలీన, లేచి వచ్చేసింది.

ఈసాక్‌సెన్ చెడ్డవాడైతే ఆమెకి పని తేలికయ్యేది, తిట్టుకుని తృప్తి పడేది. కాని ఆయన ప్రతి ఆదివారం సమాధుల మీద మంచు తనే చీపురుతో ఊడ్చేవాడు. బెర్స్‌వెన్ మట్టి మీదా ఊడ్చేవాడు. అక్కడ ఊడ్చడానికి ఒక చెక్క మేకు మాత్రమే ఉంది. దాని మీద 214 అని ఉంది. ఊరూ పేరూ లేని మనిషి అని ఎవరినైనా తిడతాం గదా, ఒలీన మొగుడు నిజంగానే అలా పడి ఉన్నాడు.

అసలు సంగతి ఇంకొకటుంది, దాన్ని ఆమె ఎవరికీ చెప్పలేదు. ఇచ్చిన మాట నిలబడలేదు. గడియారాన్ని ఆపి నిలబెట్టినట్టు నటించింది. చావబోయే మనిషితో తొమ్మిది గంటలపాటు అబద్ధం ఆడింది. ఆ రాతి మీద డిసెంబరు ముప్పై ఒకటి అనీ ట్రోన్‌యెమ్ అనీ పడితే, ఆ అబద్ధం రాయంత నిజమవుతుంది. పడకపోతే ఆమె మొగుణ్ణి ఆఖరి రోజున మోసం చేసిన మనిషిగా మిగులుతుంది. అందుకే గోడ గడియారాన్ని కూడా మళ్లీ తిప్పలేదు. టైము కావాలంటే చర్చి గంట వినేది. గడియారం నడిస్తే ఉన్న ఒక్క సాక్షీ మాట మార్చినట్టవుతుందని ఆమె భయం.

ప్రతి శనివారం సీవెర్ట్ పెరట్లోకి వెళ్లి రాయి చూసుకునేది. నాలుగో వరస ఖాళీగా ఉన్నచోట సీవెర్ట్ పిల్లి పడుకునేది. సీవెర్ట్ దాన్ని పక్కకి నెట్టి, మధ్యాహ్నం హెర్రింగ్ చేప పెట్టిన రొట్టె అక్కడే పెట్టుకుని తినేవాడు.

"ఒలీనమ్మా, చిలక్కి చెప్పినట్టు చెబుతున్నా. ఊరి పేరు మానేద్దాం. ఒట్టి తేదీ పెడదాం."

"ఏ తేదీ?"

"డాక్టరు రాసిందే."

"ఆ తేదీ పెడితే ఊరి పేరు పెట్టినట్టేగా. ఆ రోజు ఇది ఏ ఊరో పసిపిల్లల్ని అడిగినా చెబుతారు."

"పట్టిన కుందేటికి మూడే కాళ్లంటే ఎట్లాగమ్మా?"

"మూడో నాలుగో, కుందేలు నాది. నువ్వు రొట్టె తియ్యి ముందు, ఆయన పేరు మీద నూనె కారుతోంది."

ఆ ఏడాది ఊరు ఊరంతా ఒలీన లాగే ఉంది. ఆఫీసువాళ్లు ఉత్తరాల మీద నీదారోస్ అని రాసేవాళ్లు. అందుకున్నవాళ్లు జవాబులో ట్రోన్‌యెమ్ అని రాసేవాళ్లు. రెండూ ఒకే పోస్టు సంచిలో వెళ్లేవి. ఊరేగింపులు జరిగాయి. మావాళ్లు వీధిలో గొంతెత్తి కేకలు వేయడం అంతకు ముందు ఎవరూ ఎరగరు. వేసినవాళ్లే ఎక్కువ ఆశ్చర్యపోయారు. ఒలీన ఒక ఊరేగింపులో కొంతదూరం నడిచింది గాని, ముందు నడుస్తున్న సబ్బుల కొట్టువాడు నవ్వుతూ పాడుతూ ఉండడం నచ్చక మధ్యలోనే ఇంటికి వచ్చేసింది. అది నవ్వే విషయంగా ఆమెకి తోచలేదు.

రెండో చలికాలం వచ్చాక ఈసాక్‌సెన్ దగ్గరనుంచి చీటీ వచ్చింది. రాయి లేకుండా మేకు మాత్రమే ఉన్న సమాధుల్ని రూలు ప్రకారం ఈస్టర్ పండగ తరవాత చదును చేసి గడ్డి వేస్తారు. కింద ఆయన తన చేత్తో ఇంకో వాక్యం రాశాడు, దయచేసి తొందరపడండి అని. ఈ తొందర అనే మాట తన వెంట పడిందేమిటా అనుకుంది ఒలీన.

ఈస్టర్ ఇంకా నెలరోజులుందనగా, మార్చి మొదటి వారంలో, పాలావిడ గుమ్మంలో నిలబడి అరిచింది. పేరు తిరిగొచ్చింది, పార్లమెంటు చట్టం మార్చింది, అని. ఒలీన పాలు కూడా పోయించుకోకుండా కోటు తొడుక్కుంది. గుండీలు తప్పుగా పెట్టుకుంది. డెబ్బై ఏళ్లకి నాలుగేళ్ల దూరంలో ఉన్న మనిషి వంతెన మీద దాదాపు పరిగెత్తింది.

సీవెర్ట్ అప్పటికే పిల్లిని దింపేసి, రాయి కడిగి, ఉలి పట్టుకుని కూర్చున్నాడు. పక్కన పేపరు ఉంది.

"వచ్చేసింది ఒలీనమ్మా! నీదారోస్ పీడ విరగడైంది."

"ఏదీ, చదువు. అక్షరం అక్షరం చదువు."

సీవెర్ట్ పేపరు దూరంగా పెట్టుకుని చదివాడు. "ట్రోన్..." ఆగాడు. ఇంకొంచెం దూరంగా పెట్టుకున్నాడు. "హైమ్."

"హైమ్ ఏంటి?"

"ట్రోన్‌హైమ్ అని ఉందమ్మా."

"యెమ్ ఏదీ?"

"హైమ్ అన్నా ఇల్లేగా. మనం రాసుకునేది యెమ్, కొండల్లోవాళ్ల పలుకు హైమ్. పార్లమెంటువాళ్లు అటూ ఇటూ కాకుండా మధ్యలో తేల్చినట్టున్నారు."

"అంటే ఇల్లు తిరిగిచ్చి, తలుపు మార్చి ఇచ్చారన్నమాట."

"ఇల్లు ఇచ్చారుగా, ఉన్నదాంతో సరిపెట్టుకోవాలి. ఒక్క అక్షరమే గదమ్మా తేడా."

"నీ పేరులో ఒక్క అక్షరం నేను మారుస్తా, ఊరుకుంటావా?"

సీవెర్ట్ ఊరుకోనని ఒప్పుకున్నాడు. అయినా ఉలి దింపలేదు, సగం పని పెరట్లో పడి ఉంటే ఆయనకి నిద్ర పట్టదు. మళ్లీ పేపరు చూశాడు. చూసి, ఈసారి ఉలి తనంతట తనే కింద పెట్టాడు.

"ఇంకోటి ఉందమ్మా. ఈ పేరు ఇప్పట్నుంచీ అమల్లోకొస్తుంది. బెర్స్‌వెన్ పోయిన రోజుకి ఇది పనికిరాదు. ఆ రోజుకి ఎప్పటికీ నీదారోసే."

పద్నాలుగు నెలలు ఆ పేరు తిరిగొస్తే చాలని ఇద్దరూ ఎదురు చూశారు. వచ్చినా వెనక్కి వెళ్లదన్న ముక్క ఇద్దరికీ తట్టలేదు. ఒలీన రాయి అంచు మీద కూర్చుంది. పిల్లి వచ్చి ఆమె పక్కన కూర్చుంది.

అప్పుడే రేవులో ఏదో ఓడ కూత వేసింది, పేరు తిరిగొచ్చిన సంబరానికి కాబోలు. దాన్ని విని ఇంకోటి వేసింది. కాసేపట్లో తలోటీ మొదలుపెట్టాయి.

సీవెర్ట్ వినలేక చెవిలో వేలు పెట్టుకున్నాడు. "వినండి, ఎవడి దారి వాడిది. బెర్స్‌వెన్ ఉంటే ఒప్పుకునేవాడు కాదు. ఆయనకి కూత అంటే కొత్త సంవత్సరం కూతే. అన్నీ ఒక్కసారి, గీత గీసినట్టు. ప్రతి ఏడూ ఆ కూతకే జేబు గడియారం సరిచేసుకునేవాడు, మీకు తెలీదా? ఒకసారి నేను పడవలోనే ఉన్నా. 'చర్చి గంట తప్పొచ్చు సీవెర్ట్, పాస్టరు తప్పొచ్చు, ఓడలవాళ్లు మాత్రం అర నిమిషం తప్పరు' అన్నాడు. అంతమాట ఆయన ఇంకెవరి గురించీ అనలేదు."

ఒలీన సీవెర్ట్ వైపు తిరిగింది.

"ఏమన్నాడూ?"

"అర నిమిషం తప్పరన్నాడు."

"నాతో తొందర అన్నాడే."

"ఎవరికి తొందర?"

ఒలీన చెప్పింది. పద్నాలుగు నెలలుగా ఎవరికీ చెప్పనిది, రాళ్ల పొడిలో కూర్చుని, పిల్లి వింటుండగా మొదటినుంచీ చెప్పింది. లోలకం, వేలు, పగిలిన సాసరు, పదకొండూ నలభై, మళ్లీ పదకొండూ నలభై.

"అయితే ఆయనకి తెలుసు" అన్నాడు సీవెర్ట్.

"తెలుసు."

"అర్ధరాత్రే తెలుసు."

"తెలిసే నన్ను టైమడిగాడు. మళ్లీ మళ్లీ అడిగాడు. నేను చెప్పాలని. చెప్పి, మాట నిలబెట్టుకున్నానని సంతోషించాలని. నేను ఆయన్ని మోసం చేశాననుకున్నానయ్యా. ఆయనే నన్ను మోసం చేశాడు. దొంగ సచ్చినోడు!"

ఒలీన ఏడ్చింది. అంత్యక్రియలనాడు తేదీ గురించి పాస్టరుతో వాదించే హడావిడిలో ఏడవడం కుదరలేదు. ఇప్పుడు ఆ బాకీ అంతా తీరేదాకా ఏడ్చింది. సీవెర్ట్ ఏం చేయాలో తెలియక తన రొట్టె సగం విరిచి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అది తింటూ ఏడ్చింది. ఊరి పేరు కోసం ముప్పై ఏళ్ల తెడ్డు పక్కన పెట్టి మనిషిని నట్టేట్లో నిలబెట్టినవాడు, ఆ రాత్రి ఆ పేరుని పెళ్లాం కోసం వదిలేశాడు. తొమ్మిది గంటలు నీదారోస్‌లో ఉన్నాడు, తెలిసి ఉన్నాడు, కిక్కురుమనలేదు.

మొహం తుడుచుకుని లేచింది.

"పెట్టవయ్యా. జనవరి ఒకటి, 1930. ఇంక దాచేదేముంది."

"ఊరు?"

ఒలీన సంచిలోంచి డాక్టరు కాగితం తీసింది. మడతల దగ్గర అది చిరిగిపోవడానికి సిద్ధంగా ఉంది. ఆ కాగితంలో ప్రతి మాటనీ పద్నాలుగు నెలలుగా ఆమె అసహ్యించుకుంటూ చదివింది, ఆఖరి మాటతో సహా. ఇప్పుడు ఆఖరి మాట మీద వేలు పెట్టింది.

"ఇది పెట్టు."

సీవెర్ట్ చదివాడు. రాయి వైపు చూశాడు. పైన ట్రోన్‌యెమ్ నగరంలో జననం అని ఉంది. దాని కింద ఖాళీ ఉంది. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది.

"సదరు అంటే... పైన ఏముంటే అది."

"పైన ఏముంది?"

"ట్రోన్‌యెమ్."

"చెక్కు మరి."

రాయి నిలబెట్టిన రోజు ఈసాక్‌సెన్ రిజిస్టరు చంకలో పెట్టుకుని వచ్చాడు. రాతి మీద నాలుగు వరసలూ చదివాడు. *బెర్స్‌వెన్ మోయెన్. పడవవాడు. 1862లో ట్రోన్‌యెమ్ నగరంలో జననం. 1930 జనవరి 1న సదరు నగరంలో మరణం.* రిజిస్టరు తెరిచాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు. ప్రతి పేజీలోనూ పైనుంచి కిందిదాకా సదరు, సదరు, సదరు అని ఆయన చేతిరాతే ఉంది.

"తేదీ సరిపోయింది" అన్నాడు. "ఊరు... అమ్మా, రిజిస్టరులో ఈ సదరు అంటే నీదారోస్."

"మీ రిజిస్టరులో పైన నీదారోస్ ఉంది కాబట్టి. నా రాతి మీద పైన ట్రోన్‌యెమ్ ఉంది. మీరే పెట్టుకోమన్నారు."

"అన్నాను."

"సదరు అని రాయకూడదని రూలుందా?"

ఈసాక్‌సెన్ చాలాసేపు ఆలోచించాడు. ఆయన రూలు ఉన్నచోట లేదనడు, లేనిచోట ఉందనడు. "లేదు" అన్నాడు. రిజిస్టరు మూశాడు. టోపీ తీసి, రాయి ముందు కాసేపు నిలబడి, మళ్లీ పెట్టుకున్నాడు. వెళ్లబోతూ ఆగాడు.

"నేను వేసింది వద్దనే" అన్నాడు.

"ఏంటది?"

"ఓటు." అని చీపురు తీసుకుని అవతలి వరస వైపు వెళ్లిపోయాడు. ఒలీన పదిహేను వందల మందిలో ఒకణ్ణి పట్టుకున్నానని ఇన్నాళ్లూ అనుకుంది. ఆ లెక్కా తప్పింది.

సాయంత్రం ఇంటికి వచ్చి కోటు విప్పకుండానే గడియారం ముందు నిలబడింది. తలుపు తీసింది. తాళంచెవి లోపలే ఉంది, దుమ్ము పట్టి. పన్నెండు చుట్లు తిప్పింది. ముల్లు జరపలేదు, సరైన టైము ఎంతో ఎవరినీ అడగలేదు. లోలకాన్ని వేలితో కొంచెం నెట్టింది, అంతే. అది మారాం చేయకుండా కదిలింది.

కాఫీ పెట్టుకుంది. రెండు సాసర్లు తీసి, ఒకటి మళ్లీ లోపల పెట్టింది. కాఫీ సాసర్లో పోసుకుని, పంచదార బిళ్ల పళ్లమధ్య పెట్టుకుని, మంచం పక్క కుర్చీలో కూర్చుంది. లోలకం కదిలిన ఇరవై నిమిషాలకి ఆ ఇంట్లో పన్నెండు కొట్టింది.